ముద్ర చెప్పే మాట: బిళ్ల నుండి శఠారి వరకు

ఒకనాడు తెలుగునాట కచేరీలలో బంట్రోతులు డవాలి ధరించేవారు. భుజం మీదుగా ఏటవాలుగా దిగే వెడల్పాటి గుడ్డపట్టీ, దానికి తగిలించిన ఇత్తడి బిళ్ల, ఆ బిళ్లమీద చెక్కిన కచేరీ పేరు. జనం అతణ్ణి ‘బిళ్ల బంట్రోతు’ అనేవారు. ఉత్తరదేశంలో ఆ బిళ్లకు ‘చప్రాస్’ అని పేరు. అది ధరించినవాడు ‘చప్రాసీ’ అయ్యాడు. డవాలి కనబడగానే అరుగుమీది రైతు లేచి నిలబడేవాడు. అతడు గౌరవించినది ఆ మనిషిని కాదు, ఆ మనిషి వెనుకనున్న అధికారాన్ని. విచిత్రమేమంటే, కచేరీలో అందరికంటె పెద్దవాడైన దొరకు బిళ్ల అక్కరలేదు. అందరికంటె చిన్నవాడైన భృత్యునికే అది అవసరమైంది.

ఈ చిన్న విషయంలో ఒక పెద్ద తత్త్వం ఇమిడి ఉన్నది. “నేను ఫలానావారివాణ్ణి” అని చెప్పడం చిహ్నం యొక్క సహజధర్మం. కాలక్రమంలో మానవుడు దానిచేత “నేను ఇంతవాణ్ణి” అని చెప్పించనారంభించాడు. మొదటి మాటలో సంబంధమూ బాధ్యతా ఉన్నవి. రెండవ మాటలో అహంకారం ఉన్నది. మన వాఙ్మయాన్నీ శాసనాలనూ ఆలయసంప్రదాయాలనూ ఈ దృష్టితో పరిశీలిస్తే, ముద్రలకూ బిరుదులకూ మర్యాదలకూ గల నిజమైన అర్థం స్ఫురిస్తుంది.

లక్షణం, అంకనం

పాణినిమహర్షి అష్టాధ్యాయి ఆరవ అధ్యాయంలో ‘కర్ణ’ శబ్దానికి ముందు లక్షణవాచకమైన పదం వచ్చినప్పుడు కలిగే దీర్ఘాన్ని విధిస్తూ, ఆ నియమం వర్తించని కొన్ని పదాలను పేర్కొన్నాడు. అష్ట, పంచ, మణి, భిన్న, ఛిన్న, ఛిద్ర, స్రువ, స్వస్తిక మున్నగునవి ఆ పదాలు. ఇవన్నీ పశువుల చెవులమీద వేసే గుర్తులు. ఒకరి ఆవుకు చెవిమీద స్వస్తికం, మరొకరి ఆవుకు యజ్ఞంలో వాడే స్రువం ఆకారం, ఇంకొకరి ఆవుకు చీలిన చెవి. మంద కలిసిపోయినప్పుడు ఏ పశువు ఎవరిదో తెలియడానికి ఈ ఏర్పాటు. వ్యాకరణశాస్త్రం ఇక్కడ ‘లక్షణం’ అన్నది ఈ స్వామిసంబంధజ్ఞాపకమైన గుర్తునే. ఆవు గొప్పదని ఆ గుర్తు చెప్పదు. ఆ ఆవు తప్పిపోతే వెదకవలసినవాడు ఒకడున్నాడని చెబుతుంది.

మహాభారతంలో వనపర్వాంతర్గతమైన ఘోషయాత్రా ఘట్టం ఈ అంకనానికి సంబంధించినదే. గోవులను లెక్కించి, కొత్త లేగలకు గుర్తులు వేయించే సమయం వచ్చిందని చెప్పి దుర్యోధనుడు ధృతరాష్ట్రుని అనుమతి పొందాడు. అసలు ఉద్దేశం వేరు. వనవాసక్లేశంలో ఉన్న పాండవుల కళ్లయెదుట తన ఛత్రచామరాలనూ రథగజతురగాలనూ అంతఃపురస్త్రీల ఆభరణాలనూ ప్రదర్శించి వారిని క్షోభపెట్టాలని కర్ణశకునులతో కలిసి చేసిన ఆలోచన అది. ఫలితం లోకవిదితం. చిత్రసేనుడనే గంధర్వుడు అతణ్ణి బంధించాడు. ధర్మరాజు ఆజ్ఞచేత, నారచీరలు కట్టిన భీమార్జునాదులే వచ్చి విడిపించవలసివచ్చింది. గోవుకు గుర్తు వేయడానికి బయలుదేరినవాడు తన గుర్తులన్నిటినీ పోగొట్టుకొని, ఏ గుర్తూ లేనివారి దయచేత ప్రాణాలు దక్కించుకొన్నాడు.

వేషమూ, అభిజ్ఞానమూ

చిహ్నం సత్యాన్ని తెలుపవచ్చు, అసత్యాన్ని కప్పవచ్చు. శ్రీమద్రామాయణం ఈ రెండు పార్శ్వాలనూ ఒకే తల్లి అనుభవంగా చూపింది.

పంచవటిలో సీతామాత ఎదుటికి వచ్చిన పరివ్రాజకునికి లోటేమీ లేదు. మెత్తని కాషాయవస్త్రం, శిఖ, గొడుగు, పాదుకలు, భుజాన దండకమండలువులు. శాస్త్రం చెప్పిన సన్న్యాసిలక్షణాలన్నీ ఆ శరీరంమీద ఉన్నవి. గృహస్థధర్మం తెలిసిన ఇల్లాలు గనుక ఆమె ఆ చిహ్నాలను గౌరవించి ఆసనమిచ్చింది, పాద్యమిచ్చింది. ఆ కాషాయం వెనుక రావణుడు ఉన్నాడు.

అశోకవనంలో అదే తల్లి ఎదుటికి ఒక వానరుడు వచ్చి “రామదూతను” అన్నాడు. ఈసారి ఆమె వెంటనే నమ్మలేదు. ఇతడూ రావణుడేమో, మరొక వేషమేమో అని శంకించింది. రాముని లక్షణాలు చెప్పమన్నది. హనుమంతుడు రామలక్ష్మణుల శరీరలక్షణాలను, స్వభావాన్ని, సుగ్రీవునితో మైత్రి కలిగిన విధాన్ని సవిస్తరంగా వివరించాడు. ఆమె మనస్సు కుదుటపడిన తరువాతనే రామనామాంకితమైన అంగుళీయకం బయటికి వచ్చింది. ఈ క్రమం గమనింపదగినది. హనుమ ఉంగరాన్ని ముందుగా చూపి అధికారం చెలాయించలేదు. తన వాక్కూ వినయమూ పరీక్షకు నిలిచిన పిమ్మట, వాటికి సాక్ష్యంగా ముద్రను సమర్పించాడు. ఆ ఉంగరం సముద్రం దాటి వచ్చినది అతని వ్రేలికి అలంకారంగా కాదు. అతడు కేవలం దానిని మోసినవాడు. తన పేరు లేని ముద్రను మోయడంలోనే హనుమ వైభవమంతా ఉన్నది.

అయోధ్యాకాండలో భరతుడు చేసినదీ ఇటువంటిదే. చిత్రకూటం నుండి రామపాదుకలను శిరస్సుపై ధరించి వచ్చి, నందిగ్రామంలో వాటికి ఛత్రం పట్టించి, చామరం వీయించి, జటావల్కలధారియై పదునాలుగేండ్లు రాజ్యభారం వహించాడు. ప్రతి రాజకార్యాన్నీ ముందుగా ఆ పాదుకలకు నివేదించేవాడు. రాజచిహ్నాలన్నీ అక్కడ ఉన్నవి; అవి భరతుని మీద మాత్రం లేవు. పరిపాలించినవానికి చిహ్నం లేదు, చిహ్నమున్నచోట పరిపాలకుడు లేడు. అయినా రాజ్యం నిలిచింది.

రాజలాంఛనాలు

క్రీస్తుశకం 7వ శతాబ్దంలో బాదామి చాళుక్యరాజైన రెండవ పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు వేంగిలో తూర్పు చాళుక్యవంశాన్ని స్థాపించాడు. ఆ వంశపు రాజులు వేయించిన తామ్రశాసనాలు తెలుగుదేశ చరిత్రకు ప్రధానమైన ఆధారాలు. రేకులను గుచ్చిన కడియానికి ఒక రాజముద్ర అతికి ఉంటుంది. దానిమీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే అక్షరాలు కనబడతాయి. ఆ వరాహలాంఛనం తమకు భగవంతుడైన నారాయణుని ప్రసాదంవల్ల లభించిందని ఆ వంశపు శాసనాలు ఘోషిస్తాయి. భూమిని ఉద్ధరించిన స్వామి గుర్తును ధరించినవాడు భూమిని రక్షించవలసినవాడని అందులోని భావం. ఆ ముద్ర ఉన్న శాసనాల చివర, దానం చేసిన భూమిని అపహరించినవాడు అది తానైనా, ఇతరుడైనా, అరువదివేల సంవత్సరాలు క్రిమియై పుడతాడనే శాపవచనం సాధారణంగా ఉంటుంది. ముద్ర వేసిన చేతినే ముద్ర కట్టివేసింది.

విజయనగర ప్రభువుల బిరుదులలో ‘భాషెగె తప్పువ రాయర గండ’ అనేది ఒకటి. ఆడినమాట తప్పే రాజులను శిక్షించే మగడు అని దాని అర్థం. వినడానికి ఇది పరులపై గర్జన. ఆలోచిస్తే అది ధరించినవాని మెడకు వేసిన ముడి. మాట తప్పినవారికి గండడనని ప్రతి శాసనంలో చెప్పుకొన్నవాడు తాను మాట తప్పితే, ఆ బిరుదే అతనికి శిక్షకుడవుతుంది. వరాహలాంఛనం విజయనగరంలోనూ కొనసాగి, అక్కడి బంగారునాణేనికి ‘వరహా’ అనే పేరు తెచ్చింది. భూమిని మోసిన దేవుని రూపం చివరికి లెక్కపెట్టుకొనే ధనానికి పేరైంది.

‘లాంఛనం’ అనే శబ్దం గతిని చూసినా ఇదే తేటపడుతుంది. సంస్కృతంలో అది గుర్తు, ముద్ర. తెలుగులో పెండ్లిలో ఇచ్చిపుచ్చుకొనే కట్నకానుకలు లాంఛనాలయ్యాయి. లోపల సారం లేక పైకి మాత్రమే జరిగేది ‘లాంఛనప్రాయం’ అయింది. గుర్తు నుండి అర్థం తొలగిపోతే ఏమి మిగులుతుందో తెలుగువారు ఒక్క సమాసంలో చెప్పేశారు.

కంచుఢక్క, గండపెండేరం

రాజుల చిహ్నాలు వంశంతో వచ్చేవి. పండితుల చిహ్నాలు వాదంలో గెలిచి తెచ్చుకొనేవి. గౌడ డిండిమభట్టు ఓటమి ఎరుగని పండితుడు. ఆ సంగతిని చాటడానికి అతనివెంట కంచుఢక్క ఒకటి మ్రోగుతూ ఉండేది. 15వ శతాబ్దంలో విజయనగరాన్ని పాలించిన ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథుడు అతణ్ణి ఓడించి, ఆ కంచుఢక్కను పగులగొట్టించాడు. రాయలు శ్రీనాథునికి బంగారునాణేలతో కనకాభిషేకం చేయించాడు. ‘కవిసార్వభౌముడు’ అనే బిరుదు ఆయనకు శాశ్వతమైంది.

శృంగారనైషధాన్ని రచించి, కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారియై, రాజమహేంద్రవరంలో వీరభద్రారెడ్డికి కాశీఖండాన్ని అంకితమిచ్చిన ఆ మహాకవి అంత్యదశ మరొకవిధంగా నడిచిందని చాటుసంప్రదాయం చెబుతుంది. ఆశ్రయమిచ్చిన రాజ్యాలు అంతరించాయి. వార్ధక్యంలో బొడ్డుపల్లె గ్రామాన్ని గుత్తకు తీసుకొన్నాడు. కృష్ణవరద పైరును కొట్టుకొనిపోయింది, మిగిలినది పక్షులపాలైంది. ఏడునూర్ల టంకాలు చెల్లించలేక రాజదండనకు గురయ్యాడు. కనకాభిషేకం జరిగిన దేహానికే ఎండలో నిలబెట్టి పొగడదండ వేశారట, భుజంమీద నల్లగుండు ఎత్తారట, కాళ్లకు సంకెళ్లు తగిలించారట. ఏ అంగానికి ఏ గౌరవం జరిగిందో ఆ అంగానికే అవమానం జరగడం ఈ కథలోని విషాదం. ఒకనాడు ఆయన పగులగొట్టించిన కంచుఢక్కకూ, ఆయన మెడను చుట్టిన పొగడదండకూ మధ్య ఒక జీవితకాలమే అంతరం. ఇచ్చిన చేతులు లేకుండా పోయినప్పుడు వారిచ్చిన చిహ్నం ఎవరినీ కాపాడలేదు. ఆయన కావ్యాలకు మాత్రం ఆ దండన తగలలేదు.

తరువాతి శతాబ్దంలో అల్లసాని పెద్దనకు జరిగిన గౌరవం తెలుగువారికి సుపరిచితమే. గండపెండేరం వీరులకూ కవులకూ పాదానికి తొడిగే సువర్ణకంకణం. ‘గండ’ శబ్దానికి శూరుడని అర్థం. సంస్కృతాంధ్రాలు రెండింటిలో సమంగా కవిత చెప్పగలవారెవరని కృష్ణదేవరాయలు సభలో ప్రశ్నించగా, పెద్దన లేచి ఆశువుగా ఉత్పలమాలిక చెప్పాడనీ, రాయలు స్వహస్తాలతో ఆ పెండేరాన్ని ఆయన పాదానికి తొడిగాడనీ ప్రతీతి. ఇక్కడ విశేషం బంగారంలో లేదు, ఆ బంగారం తొడిగిన భంగిమలో ఉన్నది. పాదానికి ఆభరణం తొడగాలంటే తొడిగేవాడు వంగాలి. విద్య ఎదుట అధికారం వంగిన క్షణాన్ని తెలుగుజాతి ఐదువందల ఏండ్లుగా జ్ఞాపకం ఉంచుకొన్నది. రాయలు గతించిన తరువాత పెద్దన చెప్పినట్లుగా ప్రచారంలో ఉన్న చాటువులో ఆయన ఆ గౌరవాలన్నిటినీ తలచుకొని, ప్రభువుతోపాటు పోలేక జీవచ్ఛవంలా మిగిలానని వాపోయాడు. పెండేరం ఆయన కాలికే ఉన్నది. దానికి అర్థమిచ్చిన స్నేహం లేదు. చిహ్నం కంటె సంబంధమే గొప్పదని ఆ దుఃఖం చెబుతున్నది.

మేఖల, దండం, చిల్లగింజ

లౌకికచిహ్నాల సంగతి ఇట్లుండగా, శాస్త్రవిహితమైన చిహ్నాల సంగతి ఏమిటనే ప్రశ్న సహజంగా ఉదయిస్తుంది. ఇక్కడ దాపరికం పనికిరాదు. మనుస్మృతి రెండవ అధ్యాయం ఉపనీతుడైన బ్రహ్మచారికి వర్ణాన్నిబట్టి వేర్వేరు చిహ్నాలను విధించింది. బ్రాహ్మణునికి ముంజమేఖల, క్షత్రియునికి మూర్వతో చేసిన వింటినారి, వైశ్యునికి జనుపత్రాడు. దండం ఎత్తులో కూడా భేదమున్నది. ఒకరిది కేశాంతంవరకు, మరొకరిది ఫాలంవరకు, వేరొకరిది నాసికవరకు. చదువుకోబోయే పసివాని ఎత్తును కఱ్ఱతో కొలిచారు. నాలుగవ వర్ణానికి ఏ కఱ్ఱా లేదు, ఏ మేఖలా లేదు. గుర్తు ఉన్నవాడు లోపల, లేనివాడు బయట అనే విభజన ఈ దేశంలో అనేకశతాబ్దాలు కోట్లాది జీవులకు బాధ కలిగించింది. ఆ సత్యాన్ని అంగీకరించక చిహ్నాలను గూర్చి చెప్పే తత్త్వమేదీ తత్త్వం కాజాలదు.

అయితే అదే స్మృతి ఆరవ అధ్యాయంలో మరొక మాట చెప్పింది. మనిషి ఏ ఆశ్రమంలో ఉన్నా సర్వభూతాలయందు సమదృష్టితో ధర్మాన్ని ఆచరించాలనీ, బాహ్యలింగం ధర్మానికి కారణం కాదనీ స్పష్టం చేసి, దృష్టాంతంగా కతకఫలాన్ని చూపింది. కతకమంటే మన చిల్లగింజ. బురదనీటి కుండలోపల దానిని అరగదీస్తే మలినం అడుగుకు దిగి నీరు తేటపడుతుంది. కాని చిల్లగింజ పేరు పలికినంతమాత్రాన ఏ కుండలోని నీరూ తేరదు. గింజ అరగాలి. జంధ్యమైనా, నామమైనా, విభూతియైనా, కాషాయమైనా గింజ పేరువంటివే, అరగవలసినది ధరించినవాడు. నాలుగవ అధ్యాయం ఇంకా కఠినంగా, ఆ లింగానికి అర్హత లేకుండా ఆ వేషంతో జీవనం సాగించేవాడు ఆ వేషం గలవారి పాపాలను తనపై వేసుకొంటాడని హెచ్చరించింది.

ఉపనిషత్తులు ఇంకొక మెట్టు పైకి తీసుకొనిపోయాయి. జాబాలోపనిషత్తులో అత్రిమహర్షి యాజ్ఞవల్క్యుని సూటిగా ప్రశ్నించాడు: యజ్ఞోపవీతం లేనివాడు బ్రాహ్మణుడెట్లా అవుతాడు? ఆత్మయే అతనికి యజ్ఞోపవీతమని యాజ్ఞవల్క్యుడు సమాధానమిచ్చాడు. సన్న్యాసవిధిలో శిఖనూ సూత్రాన్నీ విసర్జించడం ఈ భావానికే ఆచారరూపం. ఉపనయనంనాడు ఎంత శ్రద్ధతో ధరింపజేశారో, అంత శ్రద్ధతోనే తీసివేయించే మంత్రం కూడా ఆ సంప్రదాయంలోనే ఉన్నది. తాను ఇచ్చిన చిహ్నాన్ని తానే త్యజింపజేసే వ్యవస్థను చూస్తే, చిహ్నం గమ్యం కాదని, ఏరు దాటించే తెప్ప అని బోధపడుతుంది.

అందరికీ ఒకే గుర్తు

12వ శతాబ్దంలో కల్యాణనగరంలో బిజ్జలుని కాలాన బసవేశ్వరుడు చిహ్నసమస్యకు మరొక పరిష్కారం చూపాడు. గుర్తును విడిచిపెట్టడానికి బదులు ఒకే గుర్తును అందరికీ ఇచ్చాడు. ఉపనయనాన్ని నిరాకరించి వెళ్లిన ఆ మహానుభావుని చరిత్రను పాల్కురికి సోమనాథుడు బసవపురాణంగా తెలుగు ద్విపదలో రచించాడు. ఇష్టలింగాన్ని చాకలి ధరించాడు, మాదిగ ధరించాడు, పడవ నడిపేవాడు ధరించాడు, స్త్రీలు ధరించారు. మెడలో లింగమున్నవారందరూ సములేనన్న విశ్వాసంతో, బ్రాహ్మణకులంలో పుట్టిన మధువరసు కుమార్తెకూ చర్మకారుడైన హరళయ్య కుమారునికీ వివాహం జరిగింది. బిజ్జలుడు ఆ ఇద్దరు తండ్రులకూ క్రూరమైన మరణదండన విధించాడనీ, ఆ తరువాత కల్యాణం రక్తసిక్తమైందనీ సంప్రదాయం చెబుతున్నది. ఒక గుర్తు చెప్పిన మాటను నిజంగా నమ్మినందుకు ఇద్దరు తండ్రులు చెల్లించిన మూల్యమది.

శ్రీవైష్ణవంలోని పంచసంస్కారాలలో మొదటిది తాపసంస్కారం. అగ్నిలో కాచిన శంఖచక్రముద్రలను ఆచార్యుడు శిష్యుని భుజాలమీద వేస్తాడు. ఏ కులంవానికైనా కుడిభుజాన చక్రం, ఎడమభుజాన శంఖమే. గోవు చెవిమీది గుర్తును పాణిని ఏ అర్థంలో లక్షణమన్నాడో, ఇక్కడ అదే అర్థం తిరిగి వచ్చింది. ఈ జీవుడు స్వామి సొత్తు. తప్పిపోతే వెదకవలసినవాడు స్వామి.

ఇంతటి సమత్వచిహ్నాలు కూడా మానవుని చేతిలో వివాదాలకు నిలయాలయ్యాయి. పాదం ఉన్న తిరునామమా, పాదం లేని తిరునామమా అనే తెంగలై వడగలై భేదం కాంచీపుర వరదరాజస్వామి సన్నిధిలో తరతరాల వ్యాజ్యంగా మారింది. సామాన్యజనం ఈ తతంగాన్ని గమనిస్తూనే ఉన్నారు. తెలుగులో ‘పంగనామం పెట్టడం’ అన్నా, ‘శఠగోపం పెట్టడం’ అన్నా వంచించడమని అర్థం స్థిరపడింది. పరమపావనమైన రెండు చిహ్నాల పేర్లు మోసానికి పర్యాయాలు కావడం భాషాచమత్కారంగా నవ్వి వదలివేయదగినది కాదు. అది ప్రజలు ఇచ్చిన తీర్పు.

మర్యాదలు, న్యాయస్థానాలు

ఆలయంలో తీర్థం, శఠారి, మాల, శిరస్సుకు చుట్టే పరివట్టం అనే మర్యాదలు సేవకు అనుబంధంగా పుట్టాయి. ఉత్సవభారం వహించినవానికి, వేదపారాయణ చేసినవానికి, వాహనం మోసినవానికి స్వామి ప్రసాదం ముందుగా అందేది. కాలక్రమంలో సేవ మరుగునపడి క్రమం మాత్రం మిగిలింది. మొదటి తీర్థం ఎవరికి, రెండవది ఎవరికి అనే విషయమై మద్రాసురాష్ట్రంలో లెక్కలేనన్ని దావాలు నడిచాయి. అటువంటి ఒక వివాదం సర్వోన్నతన్యాయస్థానం వరకు వెళ్లింది. 1961లో ఆ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు సారాంశమిది: కేవలం మర్యాదలను కోరి సివిల్ దావా వేయరాదు, ఆలయంలో ఒక పదవి, దానికొక విధి ఉండి, ఆ మర్యాద దానికి అనుబంధమైతేనే దావా నిలుస్తుంది. కర్తవ్యం లేని గౌరవానికి అస్తిత్వం లేదని ధర్మశాస్త్రం చెప్పినదీ, ఆధునికన్యాయం చెప్పినదీ ఇక్కడ ఒక్కచోట కలిశాయి.

ఆంగ్లపాలకులు ఈ దేశంలో గౌరవకాంక్షను బాగుగా గ్రహించారు. రావు సాహెబు, రావు బహద్దూరు, దివాన్ బహద్దూరు బిరుదులను పతకాలతో సహా పంచారు. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవ సందర్భంలో సంస్కృతపండితులకు ‘మహామహోపాధ్యాయ’ బిరుదును ఏర్పరచారు. వాటిని పొందినవారిలో నిజమైన విద్వాంసులూ లోకసేవకులూ అనేకులు. అయితే బిళ్ల ఎవరిదో ఒకనాడు తేటతెల్లమైంది. జలియన్‌వాలాబాగు మారణకాండ అనంతరం 1919లో రవీంద్రనాథ ఠాకూరు నైట్‌హుడ్‌ను పరిత్యజించారు. 1920లో గాంధీజీ కైజర్-ఇ-హింద్ పతకాన్ని తిప్పిపంపారు. గౌరవచిహ్నమే అవమానచిహ్నంగా మారే సమయం ఒకటి వస్తుందనీ, అప్పుడు దానిని తీసివేయడమే గౌరవమనీ వారు ఆచరించి చూపారు. స్వతంత్రభారత రాజ్యాంగం 18వ అధికరణం సైనిక, విద్యావిషయకమైనవి తప్ప రాజ్యం బిరుదులివ్వడాన్ని నిషేధించింది. భారతరత్న, పద్మపురస్కారాలు బిరుదులు కావని, వాటిని పేరుకు ముందూ వెనుకా తగిలించుకొనరాదని 1995లో సర్వోన్నతన్యాయస్థానం తేల్చింది.

శఠారి

ఇన్ని చిహ్నాలను చూసిన తరువాత, నిత్యం ఆలయంలో భక్తుని తలమీద క్షణకాలం నిలిచే ఒక చిహ్నాన్ని చూడవలసి ఉన్నది. శఠారి ఆకారంలో కిరీటంలా ఉంటుంది. వెండిదో బంగారుదో కావచ్చు. పైభాగాన స్వామివారి పాదాలు ఉంటాయి. అది తలమీద ఉంచబడినప్పుడు చూసేవారికి కిరీటధారణలా కనబడుతుంది; జరిగేది పాదధారణ. కిరీటమూ పాదుకా ఒకే వస్తువు కావడం లోకంలో మరెక్కడా కనబడని యుక్తి.

ఆ పాదాలకు శఠారి, శఠగోపమనే పేరు నమ్మాళ్వారుల నుండి వచ్చింది. జీవుణ్ణి పుట్టుకతోనే ఆవరించే శఠమనే వాయువును కోపించి దరిజేరనీయనివారు గనుక ఆయన శఠకోపులయ్యారని పెద్దలంటారు. ద్రావిడవేదమని కీర్తింపబడే తిరువాయ్‌మొళిని అనుగ్రహించిన ఆ మహనీయుడు జన్మచేత వేళాళకులస్థుడు. ఆయన పేరుగల పాదుకకు వేదవేదాంగపారంగతుడు తలవంచుతాడు, రాజు తలవంచుతాడు, మేఖలా దండమూ నిరాకరింపబడినవాని సంతతివాడూ తలవంచుతాడు. ఆ క్షణంలో అన్ని దండాల ఎత్తులూ సమమవుతాయి.

ఈ పేర్లలో ఇంకొక రహస్యమున్నది. నమ్మాళ్వారుల జన్మస్థలమైన ఆళ్వారుతిరునగరిలో ఆళ్వారు సన్నిధిలోని పాదుకకు శఠారి అని పేరు లేదు, దానిని రామానుజమంటారు. రామానుజుల సన్నిధిలోని పాదుకను ఆయన శిష్యుని పేరిట ముదలియాండాన్ అంటారు. స్వామి పాదం ఆళ్వారు, ఆళ్వారు పాదం రామానుజులు, రామానుజుల పాదం దాశరథి అయిన ముదలియాండాన్. ఈ సంప్రదాయంలో అత్యున్నతమైన బిరుదు ఒకరి పాదం కావడమే. ఎంత ఎత్తుకు ఎదిగితే అంత క్రిందికి చేరడం ఇక్కడి క్రమం. రాజసూయంలో అగ్రపూజ అందుకొన్న శ్రీకృష్ణుడు ఆ యాగంలో తానుగా కోరుకొన్న పని అతిథుల పాదాలు కడగడమని వ్యాసమహర్షి చెప్పడంలోని మర్మమూ ఇదే. అగ్రపూజకోసం కత్తిదూసిన శిశుపాలునికి ఆ సభలో ఏ పనీ లేదు.

మరి భగవంతుడు ధరించిన లాంఛనమేమిటి? భృగుమహర్షి త్రిమూర్తులను పరీక్షించడానికి వెళ్లి శ్రీహరి వక్షఃస్థలాన్ని తన్నిన కథ భాగవతం దశమస్కంధంలో ఉన్నది. స్వామి కోపించక లేచి, మహర్షి పాదానికి నొప్పి కలిగిందేమోనని మృదువుగా ప్రశ్నించాడు. ఆ పాదపు గుర్తునే వక్షస్సుపై శ్రీవత్సంగా ధరించాడని ఒక సంప్రదాయం. జగన్నాథుడు తన రొమ్ముమీద భక్తుని పాదముద్రను మోస్తున్నాడు. భక్తుడు తన తలమీద జగన్నాథుని పాదముద్రను మోస్తున్నాడు. ఈ రెండు ముద్రలూ “నేను నీవాణ్ణి” అనే ఒక్క మాటనే చెబుతున్నవి.

శఠారి తలమీద నిలిచేది రెప్పపాటు కాలం. ఎవరూ దానిని ఇంటికి తీసుకొనిపోలేరు, గోడకు తగిలించుకోలేరు, పేరుకు ముందు వ్రాసుకోలేరు. అది తొలగి వెనుకనున్నవాని తలమీదికి పోతుంది. మొదటివానికి తగిలినదీ, పదవవానికి తగిలినదీ ఒకే పాదం. ముందు ఎవరికి, వెనుక ఎవరికి అని కలహించేవాడు ఆ పాదాన్ని చూడలేదు, తలలను లెక్కించాడు. తలవంచినవానికి అది దొరికింది. గర్భాలయపు గడప దాటిన తరువాత తన పదవికీ బిరుదుకూ పతకానికీ అదే కొలతను అన్వయించుకొని, “ఈ ముద్ర ఎవరిది? ఇది నాచేత ఏ పని కోరుతున్నది?” అని ప్రశ్నించుకొన్నవానికి ఆ రెప్పపాటు కాలం జీవితకాలమవుతుంది.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.